యాపిల్ గట్టిదనం చల్లగది ఇచ్చేది కాదు

తొక్క తీసే యంత్రం ముందు అయిదు నిమిషాలు నిలబడితే ఈ విషయంలో సగం కళ్లకే అర్థమవుతుంది. ముళ్ల కడ్డీకి గుచ్చిన యాపిల్ గిర్రున తిరుగుతుంటే కత్తి దాన్ని ఒరుసుకుంటూ పోతుంది. కాయ గట్టిగా ఉంటే తొక్క పల్చటి రిబ్బనులా తెగకుండా ఊడి వస్తుంది. మెత్తబడిన కాయ అయితే ముళ్ల చుట్టూ గుజ్జు చితికిపోయి పట్టు వదులుతుంది. కడ్డీ తిరుగుతూనే ఉంటుంది, కాయ మాత్రం సరిగా తిరగదు. కత్తి ఒకచోట తొక్కను వదిలేసి, పక్కనే కండను లోతుగా చెక్కేస్తుంది. గింజల గూడు తీసే గొట్టం దిగగానే కాయ రెండు చెక్కలవుతుంది. ముక్కలు కోసే బ్లేడ్ల దగ్గరికి వచ్చేసరికి మిగిలింది నలిగిన అంచులూ, నురగ పట్టిన రసమూ.

అదే కాయ ఎవరి చేతికైనా పండుగా వెళ్లి ఉంటే, కాస్త మెత్తగా ఉందని అనుకుంటూనే తినేసేవారు. ఫ్యాక్టరీలో అలా సర్దుకుపోవడానికి వీల్లేదు. మెత్తదనం అక్కడ తూకంలో నష్టంగా, లైన్ ఆగిన నిమిషాలుగా, డబ్బా తెరిచినప్పుడు ముక్కలకు బదులు కనిపించే ముద్దగా తేలుతుంది. అందుకే ప్రాసెసింగ్ కోసం యాపిల్ నిల్వ చేసేవాళ్లకు గట్టిదనం అంత పెద్ద టెన్షన్.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కోల్డ్ స్టోరేజీ కాయను గట్టిగా ఉంచుతుందని అనుకుంటారు. నిజానికి అది గట్టిదనాన్ని పిసరంత కూడా పెంచలేదు. కోసిన రోజు కాయలో ఎంత ఉందో అదే మొత్తం పెట్టుబడి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నట్టు, ఆ రోజు నుంచీ ఖర్చే తప్ప జమ ఉండదు. చలి, గాలి మిశ్రమం, మందు, కాల్షియం, ఇవన్నీ ఖర్చు వేగాన్ని తగ్గించే మార్గాలు. వీటన్నిటి మీదా ఒక ప్రశ్న ఉంటుంది: ఏ లాట్‌ను ఎప్పుడు, దేనికోసం బయటికి తీయాలి? నా దృష్టిలో అసలు నేర్పు ఈ ప్రశ్న దగ్గరే ఉంది.

గట్టిదనం ఎక్కడ ఉంటుంది

యాపిల్ కండ కోట్లాది కణాల కట్టడం. ప్రతి కణమూ నీటితో నిండి, గాలి కొట్టిన బంతిలా లోపలి నుంచి గోడను నొక్కుతూ ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు పదార్థం సిమెంటులా పట్టి ఉంచుతుంది. ఆ పెక్టిన్ గొలుసులను ఒకదానికొకటి కట్టేసే ముడులు కాల్షియంవే. కణాల మధ్య గాలి ఖాళీలు కూడా బాగానే ఉంటాయి. కాయ పరిమాణంలో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా గాలే. యాపిల్ నీటిలో తేలేది అందుకే.

తాజా కాయను కొరికినప్పుడు సిమెంటు ఊడిరాదు, కణాలే పగులుతాయి. టప్పున శబ్దం వస్తుంది, నోట్లో రసం చిమ్ముతుంది. మాగేకొద్దీ కాయలోని ఎంజైములు పెక్టిన్ గొలుసులను తెంచుతాయి, దాని పక్క కొమ్మలను కోస్తాయి, గోడల అల్లికను వదులు చేస్తాయి. సిమెంటు బలహీనపడ్డాక కొరికితే కణాలు పగలవు, ఒకదాన్నుంచి ఒకటి జారిపోతాయి. రసం కణాల లోపలే ఉండిపోతుంది. నీళ్లు అంతే ఉన్నా ఆ కాయ నాలుకకు పొడిగా, పిండిపిండిగా తగులుతుంది.

ప్రాసెసింగ్‌కు వచ్చేసరికి ఇక్కడే ఒక మెలిక ఉంది. కాయను ఉడికిస్తే కణపు పొరలు చచ్చిపోతాయి, లోపలి నీటి ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. ఆ తర్వాత ముక్క ఆకారాన్ని నిలబెట్టేది కణాల మధ్య సిమెంటు, కణ గోడలు మాత్రమే. పచ్చి కాయలో కరకరలాడే గుణానికీ, ఉడికాక ముక్క నిలవడానికీ కారణాలు వేరువేరు కాబట్టి ఒకటి ఉన్నచోట రెండోది ఉండాలని లేదు. మెకింటాష్ రకం పచ్చిగా ఎంత బాగున్నా పొయ్యి మీద ముద్దయిపోతుంది. నార్తర్న్ స్పై, గ్రానీ స్మిత్, యార్క్ ఇంపీరియల్ వేడికి తట్టుకుని ముక్కగానే ఉంటాయి. కాబట్టి పచ్చి కాయ మీద తీసిన రీడింగ్ ఒక్కటే చూసి డబ్బాలో ముక్క ఎలా ఉంటుందో చెప్పేయకూడదు. అదే లాట్ నుంచి కొన్ని కాయలు కోసి ఉడికించి చూడటం చిన్న పనే, కానీ చాలాచోట్ల దాన్ని వదిలేస్తారు.

ఏం తయారు చేస్తున్నామనేదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ముక్కలకు, ‘యాపిల్ పై’ అనే వంటకం లోపల నింపే ఫిల్లింగ్‌కు అత్యంత గట్టి కాయలు కావాలి. సాస్‌కు మధ్యస్థం చాలు. మరీ గట్టిదైతే సాస్ పలుకుపలుకుగా వస్తుంది, మరీ మెత్తదైతే పల్చబడి పైన నీరు తేలుతుంది. రసానికి మెత్తటి కాయలు మంచివని చాలామంది అనుకుంటారు గానీ అది తప్పు. బాగా మాగిన గుజ్జు ప్రెస్ గుడ్డలను మూసేస్తుంది, కరిగిన పెక్టిన్ రసాన్ని చిక్కగా, మబ్బుగా చేస్తుంది, దిగుబడి పడిపోతుంది. పెక్టిన్‌ను విడగొట్టే ఎంజైము కలిపి కొంతవరకు సర్దుకోవచ్చు. ఆ ఖర్చు వేరే.

లెక్క మొదలయ్యేది చెట్టు మీదే

యాపిల్ కోశాక కూడా మాగే పండు. మాగే దశ రాగానే తనలోంచే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఆ ఇథిలీన్ మరింత ఇథిలీన్ తయారీని రెచ్చగొడుతుంది. ఒకసారి అంటుకున్నాక మంట తనంతట తానే పెరిగినట్టు ఉంటుంది వ్యవహారం. పైన చెప్పిన ఎంజైముల్లో ముఖ్యమైనవి ఈ సంకేతం అందుకునే పనిలోకి దిగుతాయి. గది గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కంటే తక్కువ ఇథిలీన్ ఉన్నా యాపిల్ దాన్ని పసిగడుతుంది.

అందుకే ఎక్కువ కాలం నిల్వ చేయాల్సిన కాయను ఈ మంట అంటుకోకముందే కోయాలి. ఎప్పుడని తెలుసుకోవడానికి తోటలోనే చేసే పరీక్ష ఒకటుంది. కాయను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని అయోడిన్ ద్రావణంలో ముంచుతారు. పిండి పదార్థం ఉన్నచోటల్లా ముఖం నల్లబడుతుంది. ఇంకా పచ్చిగా ఉన్న కాయ మొత్తం నల్లగా మారుతుంది. మాగడం మొదలైన కాయలో గింజల గూడు చుట్టూ తెల్లటి పువ్వులా ఒక భాగం మిగులుతుంది, అక్కడి పిండి అప్పటికే చక్కెరగా మారిపోయిందన్నమాట. పూర్తిగా మాగిన కాయ నల్లబడదు. ఆ తెల్లటి పువ్వు ఎంత విచ్చుకుందో చార్టుతో పోల్చి అంకె వేస్తారు. దాన్నీ, చక్కెర శాతాన్నీ, గట్టిదనాన్నీ కలిపి చూసే సూచీలు కూడా ఉన్నాయి.

గట్టిదనం కోసమని మరీ ముందు కోస్తే ఇంకో బాధ. రుచి, రంగు రావు, నిల్వలో తొక్క గోధుమ రంగుకు తిరిగే జబ్బు, కండలో చేదు మచ్చలు ఎక్కువవుతాయి. ఆలస్యంగా కోస్తే పెట్టుబడే తక్కువ. రెండు తప్పుల్లో రెండోదే ప్రాసెసర్‌కు ఎక్కువ ఖరీదని నేను నమ్ముతాను, ఎందుకంటే దాన్ని సరిదిద్దే మార్గం తర్వాత ఎక్కడా లేదు.

కాయ పరిమాణం సంగతి కూడా చెప్పుకోవాలి. తొక్క తీయడానికి, ముక్కల దిగుబడికి పెద్ద కాయలే సుఖం కాబట్టి ఫ్యాక్టరీలు వాటినే కోరుకుంటాయి. కానీ అదే చెట్టు నుంచి వచ్చిన కాయల్లో పెద్దవే సాధారణంగా మెత్తన, వాటిలో కాల్షియం గాఢత కూడా తక్కువ. నత్రజని ఎరువు ఎక్కువ పడిన తోటల్లో ఇది మరీ ఎక్కువ. అంటే లైన్‌కు నచ్చే కాయ చల్లగదికి నచ్చదు. పెద్ద కాయల లాట్లను ముందుగా వాడేయడం తప్ప దీనికి వేరే దారి లేదు.

ముల్లు చెప్పే మాట

గట్టిదనం కొలిచే పరికరం పెనెట్రోమీటర్. 1925లో మ్యాగ్నెస్, టేలర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. యాపిల్‌కు 11 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి మొన వాడతారు. కాయ నడుము దగ్గర ఎదురెదురుగా రెండు చోట్ల రూపాయి బిళ్లంత తొక్క తీసి, మొనను సుమారు 8 మిల్లీమీటర్ల లోతుకు, గీత దాకా, నెమ్మదిగా దించుతారు. ఎంత బలం పట్టిందో పౌండ్లలోనో, కిలోల్లోనో, న్యూటన్లలోనో చూపిస్తుంది. ఒక పౌండు బలం దాదాపు నాలుగున్నర న్యూటన్లు.

చూడటానికి తేలిక. తప్పులు కూడా తేలికగానే జరుగుతాయి. మొనను గబుక్కున పొడిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండు సెకన్ల పాటు సమంగా నొక్కాలి. ఎండ తగిలిన బుగ్గ నీడ బుగ్గ కంటే గట్టిగా ఉంటుంది, అందుకే రెండు వైపులా చూడాలి. నిన్న చల్లటి కాయను, ఇవాళ గది వేడికి వచ్చిన కాయను కొలిచి పోల్చకూడదు. చేయి మారితే కొలత మారుతుంది కాబట్టి చేత్తో చేసేటప్పుడు ఒకే మనిషి చేయడం మంచిది. నీరు కోల్పోయి వడలిన కాయ ఇంకో రకంగా మోసం చేస్తుంది. కండ రబ్బరులా సాగి మొనకు ఎదురు తిరుగుతుంది, కాబట్టి అంకె బాగానే ఉంటుంది, కాయ బాగుండదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు. యాపిల్ బిన్‌కు, అంటే కాయలు నింపే పెద్ద పెట్టెకు, ఆ సూత్రం పనికిరాదు. ఒకే కుండలో ఉడికిన మెతుకుల్లా అవి ఒకేలా ఉండవు. చెట్టు పైకొమ్మ కాయ వేరు, లోపలి కొమ్మ కాయ వేరు, మొదటి కోత వేరు, చివరి కోత వేరు. రెండు లాట్లు ఉన్నాయనుకుందాం, రెండింటి సగటూ 14 పౌండ్లే. మొదటిదాంట్లో కాయలన్నీ 13, 15 మధ్య ఉన్నాయి. రెండోదాంట్లో 10 నుంచి 18 దాకా చెదిరి ఉన్నాయి. కాగితం మీద రెండూ ఒకటే. యంత్రం మీద మాత్రం రెండో లాట్ ప్రతి కొన్ని నిమిషాలకూ లైన్‌ను ఆపుతుంది. యంత్రానికి సగటుతో పని లేదు, దానికి ఎదురయ్యేది ఒక్కొక్క కాయ. అందుకే రిపోర్టులో సగటు పక్కన అన్నిటికంటే మెత్తటి కాయల అంకెలు కూడా రాయాలని గట్టిగా చెబుతాను. లాట్లను ఒకే గాటన కట్టి ఒకే గదిలో కలిపేస్తే ఆ తేడాను తర్వాత విడదీయలేం.

చలి, గంటల లెక్క

కోసిన కాయకు ఊపిరి ఆగదు. 0 డిగ్రీల దగ్గర ఉన్న కాయతో పోలిస్తే 4, 5 డిగ్రీల దగ్గర ఉన్న కాయ దాదాపు రెట్టింపు వేగంతో ఆయుష్షు ఖర్చు చేస్తుంది. బయటి వేడిలో అది ఎన్నో రెట్లు. అంటే తోటలో నీడ లేనిచోట, లోడింగ్ యార్డులో పడి ఉన్న ఒక్క రోజు చల్లగదిలో వారానికి పైగా కాలాన్ని మింగేస్తుంది.

గది సెట్టింగ్ 0 డిగ్రీలని బోర్డు మీద ఉంటే సరిపోదు, బిన్ మధ్యలోని కాయ గుండె ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. వేడి కాయలతో గదిని ఒక్కరోజులో నింపేస్తే కంప్రెసర్ రోజుల తరబడి వాటి వేడిని లాగలేక తంటాలు పడుతుంది. రోజుకు కొంత చొప్పున నింపుతూ, గాలి బిన్ల మధ్య నుంచి పారేలా సందులు వదలాలి. కాయలోకే థర్మామీటర్ గుచ్చి చూడాలి.

చాలా రకాలకు 0 నుంచి 1 డిగ్రీ తగినది. యాపిల్ గడ్డకట్టేది మైనస్ ఒకటిన్నర, రెండు డిగ్రీల మధ్య కాబట్టి అంతకంటే కిందికి వెళ్లడం ప్రమాదం. ఒకసారి గడ్డకట్టి కరిగిన కండ మళ్లీ గట్టిపడదు. కొన్ని రకాలు చలికే దెబ్బతింటాయి. మెకింటాష్‌ను 2, 3 డిగ్రీల దగ్గర ఉంచుతారు. హనీక్రిస్ప్‌ను ముందు 10 డిగ్రీల దగ్గర ఒక వారం అలవాటు చేసి, తర్వాత 3 డిగ్రీలకు దించుతారు. తేమ 90 నుంచి 95 శాతం ఉండాలి. బరువులో అయిదు శాతం నీరు పోతే చాలు, తొక్క ముడతలు పడుతుంది. అలాంటి కాయ మీద తొక్క తీసే కత్తి జారుతుంది.

గాలిని మార్చడం

కొన్ని నెలలు దాటితే చలి ఒక్కటే చాలదు. 1920లలో కేంబ్రిడ్జ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ కాయ పీల్చే గాలి మీద ప్రయోగాలు చేశారు. ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డై ఆక్సైడ్ కాస్త పెంచితే మాగడం బాగా నెమ్మదిస్తుందని చూపించారు. 1929లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో మొదటి వాణిజ్య గది మొదలైంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఈ గదుల్లో దాన్ని 1 నుంచి 3 శాతానికి దించుతారు, కార్బన్ డై ఆక్సైడ్‌ను కూడా రకాన్ని బట్టి దాదాపు అంతే ఉంచుతారు. ఇథిలీన్ తయారీలో ఆఖరి మెట్టుకు ఆక్సిజన్ కావాలి, అది కరువైతే మంట రాజుకోదు. ఈమధ్య కాయ తొక్కలోని పత్రహరితం వెలువరించే కాంతిని సెన్సర్‌తో గమనిస్తూ, కాయకు ఇబ్బంది మొదలయ్యే అంచు దాకా, ఒక శాతం కంటే కిందికి కూడా, ఆక్సిజన్‌ను తగ్గించే పద్ధతి వచ్చింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ గాలిలో మనిషి రెండు మూడు శ్వాసలకే స్పృహ తప్పుతాడు. రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడటం లేదని ముందుగా తెలియదు. శాంపిల్ కోసం తలుపు కిటికీలోంచి తల దూర్చడం కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. శాంపిల్ కాయలను గది మూసేటప్పుడే కిటికీ పక్కన వలసంచిలో పెట్టి, తాడుతో బయటికి లాగేలా ఏర్పాటు చేసుకోవాలి.

ప్రాసెసింగ్‌కు సంబంధించి ఈ గదులతో పెద్ద చిక్కు వాటి పరిమాణం. గది మూసి ఉన్నంతకాలం లోపలి కాయలన్నీ భద్రం. తెరిచిన రోజు నుంచీ అవి మళ్లీ మామూలు చల్లగది కాయలే. ఫ్యాక్టరీ రెండు వారాల్లో నమలగలిగినంత సరుకు గదిలో ఉంటే మంచిదే. రెండు నెలల సరుకు ఉంటే మొదటి బిన్ అద్భుతంగా, చివరి బిన్ సాస్‌కు కూడా అంతంతమాత్రంగా ఉంటుంది. కొత్త గదులు కట్టేటప్పుడు పెద్దదైతే చవక అన్న లెక్క వేస్తారు గానీ, లైన్ వారానికి ఎంత లాగుతుందన్న లెక్క ముందు వేయాలి.

మందు, కాల్షియం

నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ కనిపెట్టి, 1996లో పేటెంట్ పొందిన ఒక వాయువు ఈ రంగాన్ని మార్చేసింది. మందు అంటున్నది దీన్నే, పేరు 1-మిథైల్ సైక్లోప్రొపీన్. అది కాయలో ఇథిలీన్ వచ్చి కూర్చునే కుర్చీల్లో ముందే కూర్చుంటుంది, లేవదు. ఇథిలీన్ ఎంత ఉన్నా కాయకు కబురు అందదు. మూసిన గదిలో పది లక్షల భాగాలకు ఒక భాగం చొప్పున ఒక రోజు పెడితే చాలు. కాయ కొత్త కుర్చీలు తయారు చేసుకునేదాకా, అంటే నెలల పాటు, దాని పట్టు ఉంటుంది. గది తెరిచాక కూడా గట్టిదనం తొందరగా పడిపోకపోవడం ప్రాసెసర్లకు దీనివల్ల కలిగిన అసలు మేలు.

దీని మీద ఆశలు కూడా మితిమీరి ఉంటాయి. కోసిన కొద్ది రోజుల్లోనే పెట్టాలి. అప్పటికే ఇథిలీన్ ఎగసిపడుతున్న కాయ మీద పెద్దగా పని చేయదు. పోయిన గట్టిదనాన్ని వెనక్కి తేదు. కొన్ని రకాల్లో కార్బన్ డై ఆక్సైడ్ వల్ల వచ్చే దెబ్బలను పెంచుతుంది. సువాసన కూడా తగ్గుతుంది, కాబట్టి వాసన మీదే బతికే సాస్‌కో రసానికో వెళ్లే లాట్‌కు ఇది అవసరమా అని ఒకసారి ఆలోచించాలి.

కాల్షియం కథ వేరు. కాయ ఎదిగేటప్పుడు చెట్టు మీద పలుమార్లు కాల్షియం క్లోరైడ్ చల్లితే కొంత కాయలోకి చేరి సిమెంటు ముడులను బిగిస్తుంది. గట్టిదనం పోయాక కాల్షియం నీళ్లలో ముంచడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయితే ఫ్యాక్టరీలో మాత్రం ఒక మంచి ఉపాయం ఉంది. కోసిన ముక్కలను మరిగే నీటిలో వేసేముందు 55 నుంచి 65 డిగ్రీల వేడి నీటిలో కాసేపు ఉంచితే, కాయలోని ఒక ఎంజైము మేల్కొని పెక్టిన్ మీద కాల్షియం పట్టుకునే చోట్లను తెరుస్తుంది. నీటిలో కాల్షియం ఉంటే అక్కడ ముడి పడుతుంది. తర్వాత ఎంత ఉడికించినా ఆ ముక్క ఎక్కువగా నిలుస్తుంది. కాల్షియం మోతాదు మించితే చేదు తగులుతుంది. సిమెంటే కరిగిపోయిన కాయలో ముడి వేయడానికి గొలుసులు మిగిలి ఉండవు కాబట్టి, ఈ ఉపాయం కూడా ఒక మాదిరి గట్టిదనం ఉన్న లాట్లకే.

ఏది ముందు, ఏది వెనుక

ఇన్ని కొలతలూ చివరికి ఒక పట్టిక కోసమే. ప్రతి లాట్‌కూ కోసిన రోజు గట్టిదనం, అయోడిన్ అంకె, కాయ పరిమాణం, చల్లబడటానికి పట్టిన రోజులు, మందు పెట్టారా లేదా అన్నవి రాసి ఉంచాలి. నెలకోసారి శాంపిల్ తీసి, సగం కాయలను వెంటనే, మిగతా సగాన్ని 20 డిగ్రీల దగ్గర వారం ఉంచాక కొలవాలి. చలిలో రెండు లాట్లు ఒకేలా కనిపించినా, వారం వేడి తగిలాక ఒకటి నిలుస్తుంది, ఒకటి కుప్పకూలుతుంది. కూలేది ఏదో ముందే తెలిస్తే దాన్ని ముక్కల లైన్‌కు వెంటనే పంపవచ్చు.

ముందు వచ్చింది ముందు వాడటం గోదాముల పాత అలవాటు. యాపిల్ విషయంలో ఈ అలవాటు నష్టం తెస్తుంది. ఆఖర్న ఆలస్యంగా కోసిన లాట్ గదిలోకి ఆఖర్న వస్తుంది, కానీ అందరికంటే ముందు మెత్తబడుతుంది. అది వరసలో తన వంతు వచ్చేదాకా ఆగితే ముక్కలకు పోవాల్సింది సాస్‌కు, సాస్‌కు పోవాల్సింది రసానికి దిగజారుతుంది. అదే లాట్‌ను మొదటి నెలలోనే తీస్తే ముక్కల ధర పలుకుతుంది. అలాగే, తగిన సమయానికి కోసి, ఒక్కరోజులో చల్లబరిచి, మందు పెట్టి, తక్కువ ఆక్సిజన్‌లో మూసిన మధ్యస్థ పరిమాణపు గ్రానీ స్మిత్ కాయలను తొందరపడి తీయకూడదు. కొత్త పంట రావడానికి ముందు, మిగతా గదులన్నీ ఖాళీ అయ్యాక, ముక్కల లైన్‌ను నడిపేది ఆ గదే. దాని తలుపు తెరిచే రోజున వలసంచిలోని కాయల రీడింగ్ చేతిలో పట్టుకునే, ఆ వారం బ్లేడ్లు ముక్కలకు బిగించాలా, సాస్ మిల్లు నడపాలా అన్నది నిర్ణయిస్తారు.